నాన్న ఎక్స్-ఆర్మీ, నిద్రపోవట్లేదు, చావు మాటలు మాట్లాడుతున్నారు. బెంగళూరులో ఎక్కడికి తీసుకెళ్ళాలి?

గిద్దలూరు అబ్బాయి:
అందరికీ నమస్తే. మాది గిద్దలూరు దగ్గర పల్లె, ఇప్పుడు హోరమావులో ఉంటున్నాం. నాన్న మద్రాస్ సాపర్స్‌లో (ఆర్మీ ఇంజనీరింగ్ దళం) 24 ఏళ్ళు చేసి 2016లో హవల్దార్‌గా రిటైరయ్యారు, తర్వాత ఇక్కడే ఒక క్యాష్ వ్యాన్‌కి గన్‌మ్యాన్‌గా చేశారు, మార్చిలో ఆ ఉద్యోగం పోయింది. అప్పట్నుంచి మనిషి మనిషిలా లేరు. రాత్రి రెండింటికి లేచి హాల్లో చీకట్లో కూర్చుంటారు. ఇదివరకు రాత్రి రెండు పెగ్గులు, ఇప్పుడు పొద్దున్నే మొదలు.

ఇంకోటి చెప్పాలి. నాన్న గడ్డి మీద అడుగు పెట్టరు, అపార్ట్‌మెంట్‌లో కూడా సిమెంట్ బాట మీదే నడుస్తారు. మొన్న మా పాప బాల్ కోసం గడ్డిలోకి పరిగెడితే ఆయన అరిచిన అరుపుకి వాచ్‌మెన్ పరిగెత్తుకొచ్చాడు, పాపని ఎత్తుకుని రెండు అరికాళ్ళూ తడిమి తడిమి చూశారు. చిన్నప్పట్నుంచి అది పాముల భయం అనుకున్నా. ఇప్పుడు అమ్మ చెప్తే తెలిసింది, 2002లో ఆపరేషన్ పరాక్రమ్ అప్పుడు, అంటే సైన్యాన్ని పాకిస్తాన్ బోర్డర్‌కి తరలించినప్పుడు, అక్కడ పాతిన మైన్లు (తొక్కితే పేలే బాంబులు) తీసే డ్యూటీలో ఉన్నారట, పక్కనే పనిచేస్తున్నతని కాలు పోయిందట.

ఆదివారం అమ్మతో "నేను పోయినా నీకు ఫ్యామిలీ పెన్షన్ వస్తది, ఇబ్బందేం లేదు" అన్నారంట. లైసెన్స్ డబుల్ బ్యారెల్ తుపాకి బీరువాలోనే ఉంది. డాక్టర్ అంటే "నేనేమన్నా పిచ్చోణ్ణా" అంటారు, పైగా రికార్డుల్లోకి ఎక్కితే పెన్షన్ ఆపేస్తారని భయం. ఏం చేయాలో చెప్పండి ప్లీజ్.

మారతహళ్ళి నర్స్:
తమ్ముడూ, డాక్టర్ సంగతి తర్వాత, ముందు తుపాకి. తూటాలు, బీరువా తాళం ఈ రాత్రికే ఆయనకి అందకుండా పెట్టు. నువ్వు మాత్రం దాన్ని పట్టుకుని రోడ్డెక్కొద్దు, లైసెన్స్ ఆయన పేరు మీద ఉంది కదా. స్టేషన్‌కి ఫోన్ చేసి ఇంట్లో పరిస్థితి ఇదీ, డిపాజిట్ చేయాలి అని చెప్పు, వాళ్ళే ఎలాగో చెప్తారు. ఆ ఆలోచన వచ్చిన మనిషికి చాలాసార్లు గడ్డుగా ఉండేది కొద్దిసేపే, ఆ కొద్దిసేపు చేతికి ఏం అందుతుందన్నదే ప్రాణం మీదికి తెస్తుంది.

రెండోది, సూటిగా అడుగు. "నాన్నా, చచ్చిపోవాలనిపిస్తోందా?" అని. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమో అని చాలామంది భయపడతారు, అలా జరగదు. అవును అంటే ఒక్క నిమిషం కూడా ఒంటరిగా వదలొద్దు, హోసూర్ రోడ్ నిమ్హాన్స్‌కి (మానసిక ఆరోగ్యానికి పెద్ద ప్రభుత్వాసుపత్రి) తీసుకెళ్ళు, ఎమర్జెన్సీ 24 గంటలూ ఉంటుంది. బయటికి రానంటే 14416కి ఫోన్ చెయ్యి, టెలీ మానస్ అని ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, ఫ్రీ, తెలుగులో మాట్లాడతారు, ఆయన కాదు నువ్వే చేసి సలహా అడగొచ్చు. చేయి దాటుతోందనిపిస్తే 112.

మందు మాత్రం ఒక్కసారిగా మాన్పించకండి!! పొద్దున్నే తాగే స్థాయిలో ఉన్నవాళ్ళు టక్కున ఆపితే రెండు మూడు రోజుల్లో వణుకు, ఫిట్స్, లేనివి కనిపించడం రావచ్చు, ప్రాణం పోయే ప్రమాదం కూడా ఉంది. అది ఆసుపత్రిలో మందులిచ్చి ఆపాల్సిన పని.

రిటైర్డ్ సుబేదార్, హలసూరు:
బాబూ, నేనూ సాపర్‌నే. ఆ గడ్డి సంగతి చదివి కాసేపు ఫోన్ పక్కన పెట్టేశాను. మైన్ తీసేవాడు నేలని ప్రాడర్‌తో (సన్నటి ఊచ) ఏటవాలుగా, వేలెడు వేలెడు గుచ్చుకుంటూ పోతాడు, అలా నెలల తరబడి. ఆ అలవాటు ఒంట్లోంచి పోదు. మీ నాన్నది పిరికితనం కాదు, పిచ్చీ కాదు.

పెన్షన్ గురించి ఆయనకి గట్టిగా చెప్పు, సైకియాట్రీలో చూపించుకున్నంత మాత్రాన సర్వీస్ పెన్షన్‌లో రూపాయి తగ్గదు. నేను నాలుగేళ్ళు చూపించుకున్నా, నెలనెలా పడుతూనే ఉంది. ఈసీహెచ్ఎస్ (మాజీ సైనికుల వైద్య పథకం) కార్డు ఉంటే మామూలుగా ఆ పథకం పాలిక్లినిక్‌కి వెళ్ళి రెఫరల్ రాయించుకోవాలి. ఎమర్జెన్సీ అయితే రెఫరల్ అక్కర్లేదు, నేరుగా ఆసుపత్రికి వెళ్ళి 48 గంటల్లో పాలిక్లినిక్‌కి తెలియజేస్తే చాలు. నేను మొదటిసారి వెళ్ళిన చోట కౌంటర్ అబ్బాయి పదిమంది ముందు "మెంటల్ కేసా" అన్నాడు, ఆ మాటకి ఎనిమిది నెలలు మళ్ళీ గడప తొక్కలేదు. అందుకే ముందు నువ్వు వెళ్ళి కాగితాల పని చూసుకో, ఆయన్ని తిన్నగా డాక్టర్ ముందుకే తీసుకెళ్ళు.

ఇంకో మాట, "డాక్టర్ దగ్గరికి పద" అనకు. "నిద్ర పట్టట్లేదు కదా, దానికి చూపిద్దాం" అను. అబద్ధమేం కాదు, అదీ జబ్బులో భాగమే. మందులు వాడితే వారంలో ఏం కాలేదని ఆపేస్తారు, నేనూ ఆపేశా, పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. మందులతో పాటు కౌన్సెలింగ్ కూడా అడుగు, ఆ జరిగింది మెల్లమెల్లగా బయటికి చెప్పించే పద్ధతులున్నాయి. నాకు వాటివల్లే ఎక్కువ మేలు జరిగింది.

గిద్దలూరు అబ్బాయి:
అక్కా, సార్, చాలా థాంక్స్. ఆ రాత్రే అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు, తర్వాత "అనిపిస్తోంది రా" అన్నారు. నాకు కాళ్ళు చేతులు ఆడలేదు, 14416కి చేశా, స్పీకర్‌లో పెడితే ఆయనే ఇరవై నిమిషాలు మాట్లాడారు. తెల్లారి నిమ్హాన్స్‌కి వెళ్ళాం, అడ్మిట్ చేసుకున్నారు. తుపాకి స్టేషన్‌కి చేరింది, నాన్నే సంతకం పెట్టారు.

సార్, మీ గురించి చెప్పాను. "ఏ కంపెనీ?" అని మాత్రం అడిగారు, అంటే సాపర్స్‌లో ఏ దళం అని. ఇన్నాళ్ళకి ఆయన నోటి నుంచి వచ్చిన మొదటి ప్రశ్న అది. మీకు మెసేజ్ పెట్టాను, వీలైతే సాయంత్రం విజిటింగ్ టైమ్‌కి ఒకసారి వస్తారా.