టోకమాక్‌కు ప్రత్యామ్నాయంగా చెబుతున్న సంలీన రియాక్టర్లను ఎలా బేరీజు వేయాలి?

ప్రశ్న:
నేను డిగ్రీ విద్యార్థులకు భౌతికశాస్త్రం బోధిస్తున్నాను. తేలిక పరమాణు కేంద్రకాలను కలిపి శక్తి పుట్టించే సంలీనం కోసం ఫ్రాన్స్‌లో కడుతున్న ఇటర్ గురించీ, గాంధీనగర్‌లోని ఆదిత్య గురించీ (రెండూ టోకమాక్‌లే, అంటే కణాలు విడిపోయిన వేడి వాయువైన ప్లాస్మాను అయస్కాంత క్షేత్రంతో వలయాకార గదిలో బంధించే యంత్రాలు) చెప్పినప్పుడల్లా పిల్లలు స్టెల్లరేటర్లు, లేజర్లు, హైడ్రోజన్-బోరాన్ యంత్రాల సంగతి అడుగుతున్నారు. ఇన్ని కోట్ల డిగ్రీలు అందుకున్నామనే ప్రకటనలకు ఎంత విలువ ఇవ్వాలి?

మొదటి సమాధానం:
ఉష్ణోగ్రత ఒక్కటే చూడకండి. ప్లాస్మా సాంద్రత, ఉష్ణోగ్రత, వేడి జారిపోకుండా నిలిచే కాలం, ఈ మూడింటి లబ్ధాన్ని చూడాలి. ఆ తరువాత ఇంధనం ఏమిటో అడగండి. హైడ్రోజన్ బరువైన రూపాలైన డ్యూటీరియం-ట్రిటియం మిశ్రమం సుమారు 15 కోట్ల డిగ్రీల దగ్గర చక్కగా మండుతుంది గానీ, పుట్టిన శక్తిలో 80 శాతాన్ని న్యూట్రాన్లే మోసుకుపోయి గోడలను దెబ్బతీస్తాయి. పైగా ట్రిటియం అర్ధాయువు 12.3 ఏళ్లే కనుక దాన్ని రియాక్టరులోనే లిథియం నుంచి తయారుచేసుకోవాలి. బోరాన్ ఇంధనానికి న్యూట్రాన్ల బెడద చాలా తక్కువ. అయితే దానికి ఇంకా ఎన్నో రెట్ల వేడి కావాలి, అంత వేడిలో ప్లాస్మా తన శక్తిని ఎక్స్-కిరణాల రూపంలో పోగొట్టుకుంటుంది. ఈ నష్టాన్ని లెక్కగట్టి చూపని ప్రకటనను నేను నమ్మను.

రెండవ సమాధానం:
పై మాట నిజమే, కానీ కట్టగలమా అన్నది కూడా అంతే ముఖ్యం. టోకమాక్‌లో ప్లాస్మా గుండానే పెద్ద విద్యుత్ ప్రవాహం నడవాలి, అది హఠాత్తుగా తెగిపోతే యంత్రం దెబ్బతింటుంది. స్టెల్లరేటర్‌లో అయస్కాంత క్షేత్రానికి కావలసిన మెలికను బయటి తీగచుట్టలే ఇస్తాయి కాబట్టి ఆ భయం లేదు. జర్మనీలోని గ్రైఫ్స్‌వాల్డ్‌లో ఉన్న వెండెల్‌స్టైన్ 7-ఎక్స్‌లో అలాంటి అతివాహక (నిరోధం లేకుండా విద్యుత్తును మోసే) చుట్టలు 50 ఉన్నాయి. ఒక్కొక్కటి మనిషికన్నా ఎత్తుగా, పిండిన తడిబట్టలా మెలి తిరిగి ఉంటుంది. 2023లో అందులో ప్లాస్మా 8 నిమిషాలు నిలిచింది, నా దృష్టిలో ఇది చాలా గొప్ప విషయం. అదే కోవకు చెందిన, అమెరికాలోని ప్రిన్స్‌టన్‌లో కడుతున్న యంత్రం మాత్రం, చుట్టలను మిల్లీమీటరు తేడా రాకుండా అమర్చే పనిలో ఖర్చు పెరిగిపోయి, 2008లో సగంలోనే ఆగిపోయింది. భౌతికశాస్త్రం ఒప్పుకున్నా పనితనం ఖరీదైతే ఏమవుతుందో అక్కడ తెలిసింది.

మూడవ సమాధానం:
లేజర్ల విషయం: 2022 డిసెంబరులో అమెరికాలోని లివర్‌మోర్ ప్రయోగశాల చిన్న ఇంధన గుళికను సంలీనం చేయడానికి లేజర్లతో 2.05 మెగాజౌళ్లు పంపి 3.15 మెగాజౌళ్లు రాబట్టింది. కానీ ఆ లేజర్లు విద్యుత్ సరఫరా నుంచి తీసుకున్నది దాదాపు 300 మెగాజౌళ్లు.

అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. రేపటి తరగతిలో ఆ 3.15నూ 300నూ బోర్డు మీద రాసి, పిల్లలచేతనే భాగహారం చేయిస్తాను. రియాక్టరు గోడల వెంట లిథియం పొరను ఎలా అమరుస్తారో తెలిసినవారు వివరించగలరా?