జీవన స్థాయిని కొలవడానికి తలసరి పీపీపీ ఒక్కటే చాలా?

కొలబద్ద:
వర్ధమాన దేశంలో మనుషులు ఎలా బతుకుతున్నారో చెప్పడానికి మారకపు రేటుతో డాలర్లలోకి మార్చిన ఆదాయం పనికిరాదు. ఆ రేటును తేల్చేవి ఎగుమతులు, దిగుమతులు, పెట్టుబడుల రాకపోకలు. క్షవరం, ఇంటి అద్దె, ట్యూషన్ లాంటివి సరిహద్దు దాటవు. కూలి తక్కువున్న చోట అవి చవకగానే దొరుకుతాయి. 1964లో ఆర్థికవేత్తలు బలాసా, శామ్యూల్సన్ విడివిడిగా వివరించింది ఇదే. కాబట్టి తలసరి జీడీపీని కొనుగోలు శక్తి సమానతలో, అంటే ఒకే బుట్ట సరుకులు, సేవలు కొనడానికి ఏ దేశంలో ఎంత డబ్బు కావాలో చూసి తేల్చే పీపీపీలో, చూస్తే చాలు.

గణకుడు:
మారకపు రేటు గురించి మీరన్నది నిజమే. నా పేచీ ఆ "చాలు" దగ్గరే. పీపీపీ అనేది బజార్లో దొరికే ధర కాదు, ఎవరి బుట్టతో లెక్కిస్తే దాన్నిబట్టి మారే అంకె. ఊహాజనిత లెక్క ఒకటి చూడండి. ధనిక దేశంలో 1 యూనిట్ పెట్టి కొనే సరుకు పేద దేశంలో 80, 1 యూనిట్ సేవ అక్కడ 10. ధనిక దేశపు ఖర్చు చెరిసగం అయితే, ఆ బుట్టతో పీపీపీ 45. పేద దేశంలో ఖర్చు సరుకులకు 80 శాతం, సేవలకు 20 శాతం అనుకుంటే, ఈ బుట్టతో 33.3. రెండింటి గుణోత్తర సగటు (దీన్నే ఫిషర్ సూచీ అంటారు) 38.7. ఇప్పుడు అక్కడి 24,000 ఆదాయం ధనిక దేశపు లెక్కలో 533 అవుతుందా, 720 అవుతుందా, 620 అవుతుందా? మారకపు రేటు 80 అయితే అదే ఆదాయం 300. నాలుగు అంకెలూ ఒకే కుటుంబానివి!

పైగా జీడీపీ పీపీపీలో యంత్రాలు, నిర్మాణం, ప్రభుత్వ ఖర్చు కూడా కలిసే ఉంటాయి. ఇంటి ఖర్చును పోల్చాలంటే గృహ వినియోగపు పీపీపీ తీసుకోవాలి.

ధరలసూచీ:
లెక్క కంటే ముందు ధరల సేకరణ చూడాలండి, అసలు తేడా అక్కడే పుడుతుంది. దేశదేశాల ధరలు సేకరించి పీపీపీలు లెక్కించే అంతర్జాతీయ పోలిక కార్యక్రమం (ఐసీపీ) 2011 విడత సర్వేలో ఖర్చును 155 ప్రాథమిక పద్దులుగా విడగొట్టింది. ప్రతి పద్దులోనూ బరువు, రకం, ప్యాకింగ్ నిర్దిష్టంగా చెప్పిన వస్తువులకే ధర సేకరిస్తారు. వర్ణన వదులుగా ఉంటే ఒక దేశం నాసిరకానిదీ మరో దేశం మేలురకానిదీ ధర పంపుతాయి, నాణ్యతలోని తేడా కాస్తా ధరలో తేడాగా లెక్కలోకి ఎక్కుతుంది. వర్ణన మరీ బిగిస్తే ఆ వస్తువు పేద దేశంలో ఖరీదైన దుకాణంలోనే దొరుకుతుంది, జనం కొననిదాని ధర వచ్చి కూర్చుంటుంది. అందుకే సాధారణంగా కొనే వస్తువుకు "ముఖ్యం" అని గుర్తు పెట్టి సగటు లెక్కలో 3 రెట్ల బరువు (ప్రాధాన్యం) ఇచ్చారు.

2005లో చైనా తొలిసారి సర్వేలో చేరినప్పుడు ధరలు తీసుకున్నది 11 నగరాల్లో, వాటి పరిసరాల్లో. ఆ విడత తర్వాత చైనా పీపీపీ జీడీపీ అంచనా సుమారు 40 శాతం పడిపోయింది. అక్కడి జనం రాత్రికి రాత్రి పేదలైపోలేదు కదా! నగరపు ధరలతో పల్లె ఆదాయాన్ని భాగిస్తే పల్లె ఉన్నదానికంటే పేదగా కనిపిస్తుంది.

అద్దె, ప్రభుత్వ సేవలు ఇంకా కష్టం. టీచరు జీతాన్నే చదువు ధరగా తీసుకుంటే, జీతం తక్కువున్న చోట చదువు చవకగా, ఎక్కువ పరిమాణంలో అందుతున్నట్టు లెక్క వస్తుంది. అందుకే ఉత్పాదకత సవరణ చేస్తారు, కానీ దాని వెనుక ఊహలు చాలానే ఉంటాయి.

కొలబద్ద:
లోపాలున్నాయని కొలతనే పారేస్తామా? వేర్వేరు దేశాల పేదరికాన్ని ఒకే గీతతో చూడాలంటే ఇంతకంటే మెరుగైనది ఏముంది?

గణకుడు:
పారేయమనడం లేదు, ఏ పనికి ఏది వాడాలో తేల్చుకోమంటున్నాను. దిగుమతి చేసుకునే మందులు, ఇంధనం, విదేశీ అప్పు వాయిదాలకు మారకపు రేటే సరైనది. ఒకే దేశంలో కాలక్రమంలో మార్పు చూడాలంటే స్థానిక వినియోగ ధరల సూచీ చాలు, అక్కడ పీపీపీ అడ్డు. దేశాల మధ్య పోలికకు మాత్రం పీపీపీ వాడండి, ఏ విడతదో, ఏ స్థాయిదో (మొత్తం జీడీపీదా, గృహ వినియోగానిదా) రాసి మరీ.

విడతల మధ్య సంవత్సరాలకు దాన్ని ఇలా జరుపుతారు: ఆధార విడతలో పీపీపీ అమెరికా డాలరుకు 20, ఆ తర్వాత స్థానిక ధరలు 30 శాతం, అమెరికా ధరలు 10 శాతం పెరిగితే 20 × 1.3 ÷ 1.1 = 23.6. ఇక్కడ కూడా తప్పు దొర్లుతుంది. ధరల సూచీలో ఆహారానికి పాత బరువులే ఉంటే పీపీపీ కూడా పక్కకు జరిగిపోతుంది.

పేదరిక గీత విషయానికి వస్తే, ప్రపంచ బ్యాంకు 2011 పీపీపీతో రోజుకు 1.90 డాలర్లు, 2017 పీపీపీతో 2.15, 2021 పీపీపీతో 2025 జూన్ నుంచి 3.00 అంటోంది. చివరి పెంపు ధరల వల్లే కాదు, తక్కువ ఆదాయ దేశాలు తమ జాతీయ గీతలను పెంచడం వల్ల కూడా. 2.15తో తీసిన పాత శాతాన్ని 3.00తో తీసిన కొత్త శాతం పక్కన పెట్టి "పేదరికం పెరిగింది" అని రాసే పోస్టులు తప్పు. పాత సంవత్సరాలన్నిటినీ కొత్త గీతతో మళ్ళీ లెక్కించాకే పోల్చాలి.