ఇంట్లో నికెల్ పూత: వోల్టులు చూడాలా, ఆంపియర్లు చూడాలా?

మిర్యాలగూడ సభ్యుడు: ఇత్తడి గొళ్ళెం పట్టీకి నికెల్ పూత వేద్దామని 12 వోల్టుల అడాప్టర్ నేరుగా తగిలించాను. పది నిమిషాల్లో అంచులు నల్లబడ్డాయి, గోరుతో గీస్తే మసిలా రాలుతోంది. పట్టీ 10 సెంటీమీటర్ల పొడవు, 4 వెడల్పు. ఎంత కరెంటు పెట్టాలి?

మహబూబ్‌నగర్ సభ్యుడు: ఆంపియర్ల లెక్కలు ఫ్యాక్టరీలకు. నేను ఎప్పుడూ 3 వోల్టులే పెడతాను. బుడగలు ఉధృతంగా లేస్తే తగ్గిస్తాను. ఆరేళ్లుగా కన్నే నా మీటరు.

నల్లగొండ సభ్యుడు: అన్నా, ఇది నేను ఒప్పుకోలేను. పూత కట్టేది కరెంటు. ఒక ఆంపియరు గంటసేపు పారితే సుమారు 1.09 గ్రాముల నికెల్ దిగుతుంది, అంతకు మించి దిగదు. ఆ కరెంటు ఎంత చోటులో పరుచుకుంటుందన్నదే అసలు సంగతి. చోటు చాలకపోతే అంచులకు నికెల్ అందదు, హైడ్రోజన్ పుడుతుంది, పూత మాడుతుంది. తమ్ముడి పట్టీకి జరిగింది అదే.

మీ 3 వోల్టులు ఏడాది పొడవునా ఒకే కరెంటు ఇవ్వవు. మే నెలలో మన గదుల వేడికే నికెల్ ఉప్పు కలిపిన ద్రావణం వెచ్చబడి కరెంటు పెరుగుతుంది. మొన్న ద్రావణంలో వస్తువుకు ఎదురుగా వేలాడే నికెల్ పలకను జానెడు దూరం నుంచి నాలుగు వేళ్ల దూరానికి జరిపాను. వోల్టులు మార్చే నాబు ముట్టుకోలేదు, అయినా కరెంటు కొలిచే అమ్మీటరు ముల్లు 0.6 ఆంపియర్ల నుంచి 1 దాటింది.

తమ్ముడూ, పట్టీ రెండు వైపులా కలిపితే 80 చదరపు సెంటీమీటర్లు, అంటే 0.8 చదరపు డెసిమీటరు. ద్రావణాన్ని 50-60 డిగ్రీలకు వేడి చేసి కలియబెట్టే దుకాణాల్లో చదరపు డెసిమీటరుకు 2 నుంచి 5 ఆంపియర్లు ఇస్తారు. కదలని మన బకెట్టుకు 1 చాలు. 0.8 ఆంపియర్లు పెడితే గంటలో దాదాపు 12 మైక్రాన్ల (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మందం దిగుతుంది. నాబు లేని అడాప్టరు కాబట్టి, బండి ఇండికేటరులో వాడే 12 వోల్టుల, 10 వాట్ల బల్బును తీగలో వరుసగా (సిరీస్‌లో) కలపండి. కరెంటు 0.8 దరిదాపుల్లోనే ఆగుతుంది. మాడిన పొరను ఎమరీ కాగితంతో పూర్తిగా తీశాకే మళ్లీ ముంచండి.

మహబూబ్‌నగర్ సభ్యుడు: బల్బు ఉపాయం బాగుంది. కానీ నావి చదును పట్టీలు కావు, పూలు చెక్కిన దీపపు కుందులు. వాటి వైశాల్యం ఏ స్కేలుతో కొలవాలి? కొలిచినా, పూరేకు కొసకు చేరినంత కరెంటు గాడిలోకి చేరదు. మీ లెక్క సరిగ్గా ఉన్నా కొస మాడుతుంది.

నల్లగొండ సభ్యుడు: కొస మాట నిజం. దాని పక్కనే రాగి తీగ ఒకటి వేలాడదీసి, కుంది కలిపిన కొనకే దాన్నీ కలపండి. అదనపు కరెంటును ఆ తీగ లాక్కుంటుంది. వైశాల్యానికి వంటింటి అల్యూమినియం రేకును కుందికి అంటిపెట్టుకునేలా చుట్టి, విప్పి, గళ్ల కాగితంపై పరచి గళ్లు లెక్కపెట్టండి. కాస్త తేడా వచ్చినా పూత చెడదు, కొలవకుండా మూడింతలు పెడితేనే చెడుతుంది.

బోరు నీళ్లతో ద్రావణం కలపవద్దు, బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్ కావాలి. వాడేసిన ద్రావణాన్ని నేలమీద పారబోయకండి. ఫ్లోరైడ్‌తో మన జిల్లా నీళ్లు పడిన బాధ చాలు.

మహబూబ్‌నగర్ సభ్యుడు: ఆదివారం ఒక కుందికి రేకు చుట్టి చూస్తాను. నా 3 వోల్టుల దగ్గర అమ్మీటరు ఎంత చూపిస్తుందో ఇక్కడే రాస్తాను.