రోడ్ బైక్‌కి ఏరో బార్లు బిగిస్తే సీటు ముందుకు జరపాలా?

గుణుపురం కుర్రాడు:
టైమ్ ట్రయల్‌కి పేరిచ్చాను. 20 కిలోమీటర్లు, ఒంటరిగా, గడియారంతో పోటీ. ఇంకో బైక్ కొనే స్తోమత లేదు. ఉన్న రోడ్ బైక్‌కే ఏరో బార్లు (హ్యాండిల్ మీద ముందుకు పొడుచుకొచ్చే కడ్డీలు) బిగించాను. మోచేతులు ఆనించి వంగితే మోకాళ్లు పొట్టకి తగులుతున్నాయి, ఊపిరి ఆడట్లేదు. సీటు ముందుకు జరపమని ఒకరు, ముట్టుకోవద్దని ఒకరు. ఏం చెయ్యాలి?

పర్లాకిమిడి పెద్దన్న:
ముట్టుకోకు తమ్ముడూ. బరువంతా ముందు చక్రం మీద పడి హ్యాండిల్ నిలవదు. ఆ బార్లు తీసేసి, డ్రాప్స్ (హ్యాండిల్ కింది వంపులు) పట్టుకుని మోచేతులు మడిచి తొక్కు.

రాయగడ గాలి:
పెద్దన్నా, ఒప్పుకోను. చదును రోడ్డు మీద వేగం గంటకి 35 కి.మీ. దాటాక మన బలంలో చాలా భాగం గాలికే పోతుంది. వేగం రెట్టింపైతే గాలి మీద పెట్టే శక్తి ఎనిమిది రెట్లవుతుంది. ఆ గాలికి ఎక్కువ అడ్డం బైక్ కాదు, మన ఒళ్లు. 1989 టూర్ ద ఫ్రాన్స్ చివరి రోజు అమెరికా సైక్లిస్టు లెమాండ్ 50 సెకన్లు వెనకున్నాడు. వెర్సాయ్ నుంచి పారిస్‌కి 24.5 కి.మీ. ఏరో బార్ల మీద తొక్కి మొత్తం టూర్‌ని 8 సెకన్లతో గెలిచాడు. అప్పటిదాకా ముందుండి ఓడిన ఫిన్యోన్‌కి ఆ బార్లు లేవు.
తమ్ముడూ, ముందుకు వాలితే తుంటి దగ్గర మడత బిగుస్తుంది. నీ ఊపిరి బాధ అదే. సీటు ముందుకు జరిపితే మడత వదులవుతుంది. పెడల్ దగ్గరవుతుంది కాబట్టి సీటు రవ్వంత పైకెత్తు. రోడ్ బైక్ సీట్ ట్యూబ్ (సీటు కింది ఫ్రేమ్ గొట్టం) 73 డిగ్రీల దగ్గరుంటే టైమ్ ట్రయల్ బైకులకి ఇంకా నిటారుగా ఉండేది ఇందుకే.

నౌపడ లైన్:
సీటు మరీ ముందుకి జరపకూడదని యూసీఐ (ప్రపంచ సైక్లింగ్ సమాఖ్య) రూలు ఉందిగా?

పర్లాకిమిడి పెద్దన్న:
చూశారా, రూలే వద్దంటోంది.

రాయగడ గాలి:
అది యూసీఐ పోటీలకి. మన పోటీకి ఏ రూలో నిర్వాహకులని అడిగితే చెప్తారు.

పర్లాకిమిడి పెద్దన్న:
రూలు వదిలెయ్. పాతపట్నం రోడ్డు మీద వడ్లు ఆరబోస్తారు, మేకలు అడ్డమొస్తాయి. చేతులు బార్ల మీదుంటే బ్రేక్ ఎలా అందుతుంది? మన గుంపులో కుర్రాడొకడు అలాగే గేదెని గుద్ది భుజం ఎముక విరగ్గొట్టుకున్నాడు. ఆసుపత్రికి తీసుకెళ్లింది నేనే.

రాయగడ గాలి:
అతను సీటు జరిపాడా?

పర్లాకిమిడి పెద్దన్న:
లేదు.

రాయగడ గాలి:
మరి సీటు మీద ఎందుకు పడ్డారు? నేను బార్లు బిగించినప్పటి నుంచి మీరు నాతో మాట్లాడటమే మానేశారు. అసలు సంగతి చెప్పండి.

పర్లాకిమిడి పెద్దన్న:
మానేశాను, అవును. ఆదివారం పొద్దున్నే అందరం కలిసి బయల్దేరేవాళ్లం. ఏరో బార్ల మీద పడుకున్నవాడు గుంపులో తొక్కకూడదు, పక్కవాణ్ణి పడేస్తాడు. అలా ఒక్కొక్కరే విడిపోయారు. ఇప్పుడు ఈ కుర్రాణ్ణి కూడా లాగేస్తున్నావు. దారిలో పంక్చరైతే ఇతని కోసం ఎవరాగుతారు?

రాయగడ గాలి:
గుంపులో చివర వచ్చేది నేనే. మీరు ఆగేవారు, నిజమే. ఆగి అందరి ముందు తిట్టేవారు. ఒంటరిగా తొక్కేటప్పుడు నా పాత టైముతోనే నాకు పోటీ. అందుకే వెళ్లిపోయాను.

నౌపడ లైన్:
పాపం, అడిగినవాడికి ఎవరూ జవాబివ్వట్లేదు.

గుణుపురం కుర్రాడు:
నాకు రెండూ కావాలన్నా. ఆదివారం బార్లు విప్పేసి వస్తాను. సీటు కూడా ప్రతిసారీ మార్చాలా?

రాయగడ గాలి:
మార్చు. సీటు కింది పట్టాల మీద, దాన్ని మోసే సీట్‌పోస్ట్ మీద గుర్తులు పెట్టుకో, నిమిషంలో పని. కార్బన్ పోస్ట్ అయితే మరీ బిగించకు, పగులుతుంది.

పర్లాకిమిడి పెద్దన్న:
వారానికో ఎత్తులో తొక్కితే మోకాలు పాడవుతుంది. ఆదివారం ఆరింటికి రా, సీటు నేను చూస్తాను.

రాయగడ గాలి:
చూడండి. వెనక్కి మాత్రం తొయ్యకండి.