ఊరు, యూనివర్సిటీ కలిస్తే బడి బాగుపడుతుందా?

కమిటీ సభ్యురాలు:
విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రభుత్వ బడి కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి, మొత్తంలో సగం ఆడవాళ్లు. మా ఊరి కమిటీలో నేనూ ఉన్నాను. మీటింగ్‌కి పిలిస్తే బాత్రూముల రిపేరు, మధ్యాహ్న భోజనం, ఆఖర్న తీర్మానాల పుస్తకంలో సంతకం. పిల్లలకు చదువు వస్తోందా అన్న మాటే రాదు. తల్లిదండ్రులు, టీచర్లు, యూనివర్సిటీ వాళ్లు కలిసి పనిచేస్తేనే బడి మారుతుందని నా నమ్మకం. మీరేమంటారు?

ఎస్జీటీ (ప్రాథమిక బడి టీచర్):
ముందు టీచర్లను వెయ్యమనండి మేడమ్. ఐదు తరగతులకు నేనొక్కడినే. డీఎడ్ ఛాత్రోపాధ్యాయులు, అంటే టీచర్ ట్రైనింగ్ చేస్తున్నవాళ్లు, వస్తారు, గోడకు చార్టులు అంటిస్తారు, రికార్డు మీద నా సంతకం తీసుకుని వెళ్లిపోతారు. వాళ్ల లెక్చరర్ మా బడి గడప తొక్కితే ఒట్టు. ఇంకో కమిటీ అంటే నాకు ఇంకో రిజిస్టరు, అంతే.

సైన్స్ స్కూల్ అసిస్టెంట్:
మాస్టారూ, పోస్టులు నింపాల్సిందే, అందులో రెండో మాట లేదు. కానీ కలిసి పనిచేయడం ఇంకోలా కూడా జరిగింది. మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో 1972లో 16 మిడిల్ స్కూళ్లలో కిశోర్ భారతి, ఫ్రెండ్స్ రూరల్ సెంటర్ అనే సంస్థలు సైన్స్ బోధన కార్యక్రమం మొదలుపెట్టాయి. ఢిల్లీ యూనివర్సిటీ అధ్యాపకులు వచ్చి అక్కడి టీచర్లతో కూర్చున్నారు. పిల్లలు కిట్‌తో ప్రయోగం చేసి, చూసినదాన్ని సొంతంగా రాసుకునేవారు. పరీక్షలో పుస్తకం తెరిచి చూసుకోవచ్చు, కానీ ప్రయోగం చేసి చూపాలి. ఏ పాఠం పిల్లలకు ఎక్కడ అందలేదో టీచర్లు నెలనెలా కలిసి మాట్లాడుకునేవారు, దాన్నిబట్టి పుస్తకాన్ని తిరగరాశారు. టీచర్ మాట మీద పుస్తకం మారడం! నాకు అన్నిటికన్నా నచ్చింది అదే. 1978లో జిల్లా అంతటికీ విస్తరించారు.

ఎస్జీటీ:
2002లో ప్రభుత్వం దాన్ని ఆపేసింది కదండీ? యూనివర్సిటీ వాళ్లు వాళ్ల ఊరు వెళ్లిపోతారు, జవాబు చెప్పుకోవాల్సింది మేమే.

సైన్స్ స్కూల్ అసిస్టెంట్:
నిజమే, ముప్ఫై ఏళ్లు నడిచాక ఆపేశారు. అందుకే మేడమ్ లాంటివాళ్లు కావాలంటున్నాను. ఒక్క ఉత్తర్వుతో ఆగిపోకుండా ఉండాలంటే ఊరు గట్టిగా అడగాలి. రెండేళ్ల బీఎడ్‌లో 20 వారాలు బడికి కేటాయించాలన్న నిబంధన ఎలాగూ ఉంది. ఆ ట్రైనీలను ఒకే బడిలో ఉంచి, వాళ్ల లెక్చరర్ కూడా వచ్చి, ఏడో తరగతిలో భిన్నాలు రానివాళ్లెవరో టీచర్‌తో కలిసి చూడాలి. ఆ సంగతి కమిటీలో తల్లులకు చెప్పాలి. దీనికి కొత్త రిజిస్టరు అక్కర్లేదు.

కమిటీ సభ్యురాలు:
వచ్చే మీటింగ్‌లో మొదటి అంశంగా ఇదే పెట్టమని హెచ్ఎం గారిని అడుగుతాను. మాస్టారూ, మీరు కూడా రెండో టీచర్ కోసం మీ కమిటీ చేత తీర్మానం చేయించి మండల విద్యాధికారి (ఎంఈఓ) గారికి పంపండి.