పర్లాకిమిడిలో 12 లక్షలకు పెంకుటిల్లు: బయానా ఇచ్చే ముందు ఏమేం చూడాలి?

పెరటిజామ:
మునిసిపాలిటీ లోపలే ఒక పాత పెంకుటిల్లు బేరానికి వచ్చిందండి. వీధి వైపు వెడల్పు 14 అడుగులు, లోతు 70. రెండు పక్కలా ఉమ్మడి గోడలే. వీధరుగు, రెండు గదులు, వంటిల్లు, పెరట్లో నుయ్యి, ఆ పక్కనే మరుగుదొడ్డి. ఆర్‌ఓఆర్ (భూమి హక్కుల పత్రం, అంటే పట్టా) ఇంకా అమ్మేవాళ్ళ నాన్నగారి పేరునే ఉంది, ఆయన పోయారు. కొడుకులిద్దరూ సంతకం పెడతామంటున్నారు. ఒక కూతురు, పెళ్ళై విశాఖలో ఉంటోంది. పట్టాలో 2 డిసిమిళ్ళు అని ఉంది. నాకు ఒడియా చదవడం అంతంతమాత్రం. ఈ వారంలోనే రెండు లక్షలు నగదు బయానా ఇవ్వాలని మధ్యవర్తి తొందరపెడుతున్నాడు. ముందు తాసీల్ ఆఫీసుకి వెళ్ళాలా, మేస్త్రీని పిలవాలా?

దస్తావేజు:
రెండూ కాదు, ముందు టేపు పట్టండి. 14 ఇంటూ 70 అంటే 980 చదరపు అడుగులు. డిసిమిలి అంటే మన సెంటే, 435.6 చదరపు అడుగులు. మీకు చూపిస్తున్నది 2.25 డిసిమిళ్ళు, పట్టాలో ఉన్నది 2. ఆ మిగతా 109 అడుగులు ఎవరివి? ఇలాంటి వీధిళ్ళలో అరుగు రోడ్డు మీదకో, దొడ్డి వెనక సందులోకో జరిగి ఉంటుంది. డీడ్‌లో పట్టా లెక్కే రాస్తారు, కాబట్టి ధర కూడా 2 డిసిమిళ్ళకే మాట్లాడండి. తాసీల్లో దరఖాస్తు పెట్టి, సర్వే చేసే ఆమీన్‌తో హద్దులు కొలిపిస్తే తేలిపోతుంది. ఎవరైనా గుంఠల్లో చెబితే మాత్రం జాగ్రత్త. ఇక్కడ గుంఠ అంటే 4 డిసిమిళ్ళు, తెలంగాణ గుంట రెండున్నర సెంట్లే.

ఆర్‌ఓఆర్‌ని భూలేఖ్‌లో (ఒడిశా భూ రికార్డుల వెబ్‌సైటు) మీరే తీసి చూసుకోండి, మధ్యవర్తి ఇచ్చిన జిరాక్సు వద్దు. ప్లాటు నంబరు చదివేటప్పుడు ఒడియా అంకెల దగ్గర పొరబడతారు. ఒడియా నాలుగు అచ్చం ఇంగ్లీషు 8లా ఉంటుంది. ఆ ఒక్క అంకె మారితే ఈసీ (స్థలం మీద అప్పులూ లావాదేవీలూ చూపే పత్రం) పక్కింటి ప్లాటుది వస్తుంది, చిక్కులేం లేవని మీరు నిశ్చింతగా ఉంటారు. స్వత్వ (హక్కు రకం) దగ్గర ‘స్థితిబాన్’ (శాశ్వత హక్కు), కిసం (భూమి రకం) దగ్గర ‘ఘరబారి’ (ఇంటి స్థలం) ఉండాలి. ‘శారద’ అని ఉంటే అది వరి పొలం. ఇల్లు ఎప్పుడు కట్టినా సరే, ఒడిశా భూసంస్కరణల చట్టం 8ఎ కింద మార్పించనిదే బ్యాంకు ముట్టుకోదు. ఖాతా ప్రభుత్వం పేరునో, ‘రఖిత’ అనో, ‘అనాబాది’ అనో (ఇవీ ప్రభుత్వ భూములే) ఉంటే బేరం వదిలేయండి. చివర ‘మంతవ్య’ (రిమార్కులు) గడిలో చిన్న అక్షరాలతో కేసు నంబర్లుంటాయి, అవీ చదివించుకోండి.

ఇక వారసులు. తండ్రి సొంత ఆస్తిలో ఆడపిల్లకు 1956 నుంచే వాటా ఉంది. పిత్రార్జితంలో 2005 సవరణతో కొడుకుతో సమానమైంది. కాబట్టి విశాఖ ఆవిడ సంతకం లేకుండా కొంటే ఇల్లంతా మీది కాదు. అన్నట్టు వాళ్ళమ్మగారు ఉన్నారా? ఉంటే ఆవిడా వాటాదారే, మీ ప్రశ్నలో ఆ మాటే లేదు. ముందు వారసత్వ ధ్రువపత్రం, తర్వాత అందరి పేర్లా మ్యుటేషన్ (రికార్డులో పేరు మార్పు), ఆ తర్వాతే రిజిస్ట్రేషన్. రాలేనివాళ్ళు తమ ఊరి సబ్ రిజిస్ట్రార్ దగ్గర పవరాఫ్ అటార్నీ రాయించి పంపొచ్చు. ఆ పవర్ చేతిలో పెట్టి ‘ఇల్లు మీదే’ అంటే మాత్రం ఒప్పుకోకండి, దానితో హక్కు రాదని సుప్రీంకోర్టు 2011లోనే చెప్పింది.

స్థిరాస్తి బేరంలో 20 వేలు, ఆపైన నగదుగా తీసుకుంటే అంత మొత్తమూ జరిమానా పడొచ్చు. పడేది తీసుకున్నవాళ్ళకి. ఆ ముక్క చెప్పండి, నగదు మాట వాళ్ళే ఆపేస్తారు. బయానా బ్యాంకు ద్వారా, వారసులందరూ సంతకం చేసిన ఒప్పందం మీదే ఇవ్వండి.

గుణుపురం_గోడలు:
కాగితాలు సరే, ఈ ఇల్లు చవక కావడానికి కారణం గోడల్లో ఉంది. గోడ మూల సున్నం కొంచెం గీకి, ఇటుకల సందులో మేకుతో గెలకండి. గట్టిగా తెల్లగా ఉంటే సున్నం, పొడి మట్టి జలజలా రాలితే మట్టి అడుసు. మట్టి అడుసు గోడ పెంకుల్ని మోస్తుంది, శ్లాబుని మోయదు. రేపు శ్లాబు వేద్దామనుకుంటే మీ వైపు పిల్లర్లు లేపాలి. అటు 9 అంగుళాలు, ఇటు 9 అంగుళాలు పోతే 14 అడుగుల ఇల్లు పన్నెండున్నర అవుతుంది. ఆ 14 కూడా ఉమ్మడి గోడల మధ్య నుంచి మధ్యకి కొలిచిందా, లోపలా అన్నది అడగండి. పునాది గుంటలు ఒకదాని తర్వాత ఒకటే తియ్యాలి, వానాకాలంలో అసలొద్దు. వరసగా తవ్వేస్తే పక్కింటి గోడ మీ గుంటలోకి జారుతుంది.

కింద మూడడుగుల మేర కొత్తగా రంగు వేసి ఉంటే చెమ్మ దాస్తున్నారన్నమాట. మట్టి గోడకి సిమెంటు ప్లాస్టరు చేయించి ఉంటే ఇంకా చేటు. లోపలి తడి బయటికి పోలేక ప్లాస్టరు పలకలు పలకలుగా ఊడుతుంది. వాన పడ్డ మర్నాడు వెళ్ళి చూడండి.

నిచ్చెన వేసుకుని దూలం గోడలోకి దిగేచోట స్క్రూడ్రైవరుతో పొడవండి. మధ్యలో ఇనుములా ఉన్న దూలం కూడా అక్కడ మెత్తబడుతుంది, ఎందుకంటే గోడ తడంతా ఆ చివరే పీలుస్తుంది. అరంగుళం దిగితే దూలం మార్చాలి. వాసాల వెంట మట్టి గీతలుంటే చెదలే. నాలుగు పెంకులు తీయించి రీపర్లు (పెంకుల కింది చెక్క పట్టీలు) చూడండి. 2018 తిత్లీ తుఫాను తర్వాత ఎక్కడైనా రేకులు వేసి ఉంటే, ప్రతి రేకూ జె-హుక్కులతో పట్టిందా, ఇటుకలు బరువు పెట్టి వదిలేశారా చూడాలి.

చూరు నీళ్ళు ఎటు పోతున్నాయో, ఉమ్మడి గోడ మీద ఎవరికెంత హక్కో డీడ్‌లో రాయించండి. నూతికీ మరుగుదొడ్డి గోతికీ కనీసం 50 అడుగుల ఎడం ఉండాలి. మీరు చెప్పిన పెరట్లో అది కుదరదు, కాబట్టి నుయ్యి వాడకానికే, తాగడానికి కుళాయి చూసుకోండి.

కాశీనగర్_రోడ్డు:
పట్టాలో కులం కూడా రాసుంటుంది, చూశారా? అమ్మేవాళ్ళు ఎస్సీ గానీ ఎస్టీ గానీ అయి, కొనేవాళ్ళు కాకపోతే భూసంస్కరణల చట్టం 22 కింద ముందస్తు అనుమతి కావాలి, లేకపోతే అమ్మకం చెల్లదు. లెక్క ఒడిశా జాబితా ప్రకారం, ఆంధ్రా జాబితా కాదు. పర్లాకిమిడి పట్నం షెడ్యూల్డు ప్రాంతంలోకి రాదు. మన గజపతి జిల్లాలోని గుమ్మా, రాయగడ బ్లాకులు, విడిగా మొత్తం రాయగడ జిల్లా వస్తాయి. అక్కడ ఆదివాసీల భూమి ఇతరులు కొనడానికే లేదు.

పెరటిజామ:
వాళ్ళమ్మగారు ఉన్నారండి, పెద్దబ్బాయి దగ్గర. బయానా ఆపేశాను. ఖర్చెంతవుతుంది? లోన్ వస్తుందా?

దస్తావేజు:
స్టాంపు మగవాళ్ళ పేర 5 శాతం, ఆడవాళ్ళ పేర 4. రిజిస్ట్రేషన్ ఫీజు 2. 12 లక్షలకు మీ పేర 84 వేలు, ఇంట్లో ఆవిడ పేర 72 వేలు. ప్రభుత్వ విలువ ఎక్కువుంటే దాని మీదే కట్టాలి. బ్యాంకు ఇంజనీరు ఈ ఇంట్లో స్థలానికే విలువ కడతాడు, పెంకులకు పెద్దగా కట్టడు, అంచేత 12 లక్షల మీద లోన్ లెక్కేసుకోకండి. దేశంలో ఎక్కడా మీకు పక్కా ఇల్లు లేకుండా, కుటుంబ ఆదాయం ఏడాదికి 9 లక్షల లోపుంటే పీఎం ఆవాస్ అర్బన్ 2.0 వడ్డీ రాయితీ అడగండి. పాత ఇల్లు కొన్నా వర్తిస్తుంది, గరిష్ఠంగా 1.80 లక్షలు. కరెంటు బిల్లు మీద కన్స్యూమర్ నంబరు తీసుకుని ఇక్కడి కరెంటు కంపెనీ టీపీఎస్ఓడీఎల్‌లో బకాయి చూడండి, హోల్డింగ్ పన్ను (మునిసిపాలిటీ ఇంటి పన్ను) రసీదూ అడగండి. ఆ రసీదు పన్ను కట్టారనడానికే, హక్కుకి కాదు.