మట్టిదారుల్లో, అడవి అంచున ఒక రోజు ప్రయాణం: ఏం చూసుకోవాలి?

ప్రశ్న:
ఉదయం బయలుదేరి, ప్రధాన రహదారిని వదిలి, పల్లెల మధ్య మట్టిదారుల గుండా అడవి వరకు వెళ్లి, చీకటి పడేలోగా తిరిగి రావాలనుకుంటున్నాను. నాది మామూలు చిన్న కారు. ఫోన్ సిగ్నల్ అందని చోట దారి ఎలా తెలుసుకోవాలి?

మొదటి సమాధానం:
జీపీఎస్ ఉపగ్రహాల సంకేతాలతో పనిచేస్తుంది కనుక దానికి మొబైల్ సిగ్నల్ అక్కరలేదు. ఆ ప్రాంతపు మ్యాపును ముందురోజే ఫోన్‌లోకి దించుకుంటే సరిపోతుంది. అయితే మ్యాపులో గీతగా కనిపించేదంతా దారి కాదు. అలాంటి గీతను నమ్ముకుని వెళ్లిన నాకు బండిజాడల మధ్య మోకాలెత్తు గడ్డి ఎదురై, అర కిలోమీటరు దూరం కారును వెనక్కే నడపవలసి వచ్చింది.

రెండవ సమాధానం:
ఆ గడ్డితోనే అసలు ప్రమాదం. కారు అడుగున ఉండే కాటలిటిక్ కన్వర్టర్ (ఇంజను పొగలోని విషవాయువులను తగ్గించే భాగం) విపరీతంగా వేడెక్కుతుంది కాబట్టి, ఎండుగడ్డి మీద ఆపితే నిప్పు అంటుకోవచ్చు. వాగు దాటవలసి వస్తే వెనక్కి తిరగండి. అడుగు లోతు ప్రవాహం కూడా చిన్న కారును తేల్చేయగలదు. నిటారు పల్లంలో బ్రేకును అదేపనిగా తొక్కిపట్టకుండా తక్కువ గేరులో దిగండి. స్టెప్నీలో గాలి చూసుకున్నారా?

ప్రశ్న అడిగినవారు:
ఇప్పుడే చూశాను. లేదు.